మునిగిన పువ్వులు

ఆ ఇంట్లో పొద్దున్నే వినపడే మొదటి మాట ఎప్పుడూ అత్తగారిదే. ఆ రోజూ అంతే.

"అమ్మాయీ, నా నీలం ఉండ ఎక్కడ పెట్టావ్?"

కోడలు టీ గిన్నె దించి వచ్చి చూసింది. ఊలు ఉండలు నాలుగూ మంచం పక్కన బుట్టలోనే ఉన్నాయి. నీలం ఉండ పైనే ఉంది. అత్తగారి చెయ్యి దాన్ని దాటుకుని పోయి ఆకుపచ్చ ఉండ మీద వాలి, అక్కడ అనుమానంగా ఆగిపోయింది.

"ఇదిగోనత్తయ్యా, కింద పడింది," అని కోడలు నీలం ఉండ తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది.

"పడిందా? చప్పుడు కాలేదే."

"ఊలు ఉండకి చప్పుడేమిటండీ."

"అదీ నిజమే," అంది అత్తగారు. ఇద్దరూ నవ్వారు. ఉండ కింద పడనేలేదు. ఈ మధ్య కోడలికి అబద్ధాలు చాలా తేలిగ్గా వస్తున్నాయి, టీలో పంచదార కలిపినంత తేలిగ్గా.

వీధిలో అత్తగారిని అందరూ స్వెట్టరమ్మ అంటారు. నలభై ఏళ్ళుగా ఆ చలి ఊళ్ళో ఆవిడ అల్లినవి తొడుక్కోని ఇల్లు లేదు. మామూలు స్వెట్టరు ఎవరైనా అల్లుతారు, ఆవిడది రంగుల అల్లిక. ఒక చేతిలో ఒక రంగు దారం, రెండో చేతిలో మరో రంగు దారం, ఒకే వరుసలో రెండూ కలిసి నడవాలి. ముందు వైపు పువ్వులూ ఆకులూ తేలుతుంటే, వాడని దారం వెనక వైపు పోగులుగా సాగుతుంది. ఆ పోగులు బిగిస్తే బట్ట ముడుచుకుపోతుంది, మరీ వదిలేస్తే వేళ్ళకి తగులుకుంటుంది. ఈ సంగతులన్నీ కోడలు తొమ్మిదేళ్ళుగా అత్తగారి ఎదురుగా కూర్చుని, కూరలు తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో, చూసి నేర్చుకున్నదే. నేర్పమని ఆమె అడగలేదు. నేర్పుతానని ఆవిడ అనలేదు. అత్తగారికి తన పనిలో చెయ్యి పెట్టేవాళ్ళంటే ఒళ్ళు మంట.

ఇప్పుడు అల్లుతున్న స్వెట్టరు కూతురి కోసం. ఆ పిల్లకి కొండ మీది వాతావరణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. గంట గంటకీ బయటికి వెళ్ళి గాలినీ మంచునీ కొలిచి రాయాలి. చిన్నప్పుడే డాబా మీద డబ్బా పెట్టి వాన కొలిచేది కనక అన్న ఆమెని 'వాతావరణ శాఖ' అనే పిలుస్తాడు. చలికాలం మొదలవగానే చేరాలి. అప్పటిదాకా నగరంలో శిక్షణ.

వేసవి చివర్లో శిక్షణకి బయల్దేరే రోజున తల్లి కప్పు పక్కన టీ పోయడం కూతురు చూసింది. చూసి ఊరుకునే రకం కాదు.

"అమ్మా, రేపు అన్నయ్యతో కంటి ఆసుపత్రికి వెళ్ళు."

"నా కళ్ళకేమే? నీకంటే బాగా కనపడతాయి నాకు."

"టేబులుకి టీ తాగించావు."

"చెయ్యి తొణికింది. సరే, పందెం వేసుకుందాం," అంది తల్లి పౌరుషంగా. "నీకు నాలుగు రంగుల్లో స్వెట్టరు అల్లి పెడతా. ఒక్క తప్పు పట్టుకో, నువ్వు చెప్పిన ఆసుపత్రికి నోరెత్తకుండా వస్తా. తప్పు దొరక్కపోతే నువ్వు మళ్ళీ నా కళ్ళ ఊసెత్తకూడదు."

"వాతావరణ శాఖా, ఒప్పేసుకో. ఉత్తినే స్వెట్టరు వస్తుంది," అన్నాడు సామిల్లులో మేస్త్రీగా పనిచేసే అన్నగారు. అందరూ నవ్వుకున్నారు. పందెం ఖాయమైపోయింది.

పదిహేను రోజుల తర్వాత మొదటి తప్పు కోడలి కంటపడింది. కోడలిది బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పొద్దుటి డ్యూటీ, ఒంటిగంటన్నరకి ఇల్లు చేరుతుంది. ఆ సరికి అత్తగారు భోజనం చేసి నిద్రపోతుంటుంది. ఆ మధ్యాహ్నం కుర్చీలో పెట్టిన అల్లిక చూస్తే, బూడిద రంగు మీద ముదురు నీలం పువ్వులు బారులు తీరిన చోట ఒక పువ్వులో రెండు రేకులు ఆకుపచ్చగా ఉన్నాయి. కోడలు దాన్ని వెలుతురులోకి పట్టి మళ్ళీ చూసింది. నలభై ఏళ్ళ చెయ్యి అది. లేపి చూపించాలనుకుంది. లేపాక ఆవిడ ముఖం ఎలా మారుతుందో ఊహించుకుని ఆగిపోయింది. ఒక్క వరుసేగా అనుకుని విప్పి, సరైన దారంతో మళ్ళీ అల్లి, సూదులు ఎలా ఉన్నవి అలాగే పెట్టేసింది.

ఉన్నమాట చెప్పాలంటే, ఆ రోజు ఆమెకి జాలితో పాటు సంతోషం కూడా కలిగింది. సాయంత్రం అత్తగారు ఆ వరుసనే వేళ్ళతో తడిమి, "ఇవాళ బాగానే సాగింది," అన్నప్పుడు, తొమ్మిదేళ్ళలో తనకి రాని మెప్పు దొంగదారిన వచ్చినట్టనిపించింది. అందుకే రెండోసారి విప్పడానికి అంత ఆలోచించలేదు. నెల తిరిగేసరికి రోజూ మధ్యాహ్నం అదే పనైంది. రెండు నెలలయ్యేసరికి అత్తగారు పొద్దున అల్లిన వరుసల్లో సగం, ఆ తర్వాత ముప్పాతిక వంతు, కోడలు విప్పి అల్లుతోంది. నీలం ఉండని చేతికందించడం, గుమ్మం దగ్గర బల్ల జరిపి దారి చెయ్యడం, ఎడమ పక్క నుంచి వచ్చేటప్పుడు ముందే దగ్గడం, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే అలవాటైపోయాయి. అత్తగారికి ఏమైనా అవుతోందా అని ఒక్కోసారి భయం వేసేది. స్వెట్టరు పూర్తయ్యాక మెల్లగా ఆయనతో చెప్పొచ్చులే అని ఆ భయాన్ని నొక్కేసేది.

చలి మొదలయ్యే వారంలో, కోడలికి సెలవున్న రోజున, కూతురు వచ్చింది. స్వెట్టరు ఒళ్ళు పూర్తయింది, ఒక చెయ్యి పూర్తయింది, రెండో చెయ్యి మొదలుపెట్టాలి. "తొడుక్కుని చూడు," అని తల్లి సంబరంగా అందించింది. కూతురు తొడుక్కుని కిటికీ పక్కనున్న నిలువుటద్దం ముందు నిలబడింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది.

"తప్పుందేమో వెతుక్కోవే. వేలు పెట్టి చూపించు," అంది తల్లి.

కూతురు నవ్వుతూ ఒక్కో పువ్వూ చూసింది. రంగు తప్పు ఎక్కడా లేదు. అన్నగారు, "ఓడిపోయావు వాతావరణ శాఖా. ఇవాళ్టి సూచన ఉరుములు," అన్నాడు. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి మళ్ళీ అద్దంలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఇందులో కొన్ని పువ్వులు తేలి ఉన్నాయి. కొన్ని మునిగిపోయాయి."

"అదేం మాట?"

"నీ పువ్వులు బట్ట మీద నిలబడతాయి. దూరం నుంచి కూడా కనపడతాయి. ఇదిగో, ఈ కింద మూడు బారులు అలాగే ఉన్నాయి. ఇక్కణ్ణించి చూడు, పువ్వులు వెలిసిపోయినట్టు లోపలికి పోయాయి. అవే రంగులు, అదే ఊలు. పుట్టినప్పటి నుంచీ నీ స్వెట్టర్లే తొడుక్కుంటున్నాను, నాకు తెలీదా? ఇది నీ చెయ్యి కాదు."

తల్లి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు తల తిప్పి వదిన వైపు చూసింది. వదిన ముఖం చూశాక అడగాల్సిన పని లేకపోయింది, అయినా అడిగింది.

"వదినా, ఎన్ని వరుసలు?"

కోడలు వంగి ఊలు బుట్ట సర్దబోయింది.

"ఎన్ని వరుసలని అడుగుతున్నా."

"లెక్కపెట్టలేదు," అంది కోడలు ఎలాగో. "ఛాతీ దగ్గర్నుంచి పైకి... చాలా వరకు నావే. అత్తయ్య రంగులు మారిపోతున్నాయి. నొచ్చుకుంటారేమోనని నేనే..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పందెం వేసుకున్న పదిహేను రోజుల నుంచి."

కూతురు స్వెట్టరు తల మీదుగా లాగేసి మంచం మీద పడేసింది. జుట్టంతా చెదిరిపోయింది. "పందేనికి ఎందుకు ఒప్పుకున్నాననుకున్నావు వదినా? తప్పు బయటపడితే ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చని. అమ్మ గెలవాలని కాదు నేను ఒప్పుకుంది, ఓడిపోవాలని."

"నాకంత తట్టలేదమ్మా."

"తట్టకపోవడమేమిటి? పువ్వులో రేకు తప్పిందని తట్టింది. కన్ను తప్పిందని తట్టలేదా?"

అన్నగారు భార్య వంక చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. అది కోడలికి మరీ కష్టంగా తోచింది. "నాకైనా చెప్పొచ్చుగా," అన్నాడు మెల్లగా. అంతలో మంచం మీద నుంచి అత్తగారు ఒక్క మాట అంటుందేమోనని కోడలు ఎదురుచూసింది. ఆవిడ పెదవి విప్పలేదు.

మర్నాడే ఆసుపత్రి. డాక్టరమ్మ చీకటి గదిలో చాలాసేపు పరీక్షించింది. ఒక గుండ్రటి పరికరంలో తల పెట్టించి, చుక్క కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కమంది. అత్తగారు నొక్కింది చాలా తక్కువ సార్లు. బయట బెంచీ మీద కూర్చున్న ముగ్గురికీ ఆ బొత్తాం టిక్కుమనే చప్పుడు వినపడుతోంది. ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య కోడలు ఊపిరి బిగపట్టింది.

"నీటికాసులు," అంది డాక్టరమ్మ. "కంటి నరం నెమ్మదిగా దెబ్బతినే జబ్బు. నొప్పి ఉండదు కనక మనిషికి తెలీదు. అంచుల్నుంచి చూపు పోతూ వస్తుంది. ఈవిడకి రంగుల తేడా కూడా పోయింది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టడానికి రోజూ చుక్కలు వెయ్యాలి. నాలుగైదు నెలలు ముందొచ్చుంటే ఇంకొంచెం మిగిలేది."

ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో ఆడపడుచు కోడల్ని ఆపింది. అరవలేదు, అరిచినా బాగుండేది. "నీ మంచితనం మా అమ్మ కళ్ళు తినేసింది వదినా," అని, సంచి సర్దుకుని, స్వెట్టరు మంచం మీదే వదిలేసి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. ఆ బస్సుకి టికెట్టు కూడా వదిన కూర్చునే కిటికీ కాదని పక్క కిటికీలో కొనుక్కుందని మర్నాడు తోటి ఉద్యోగి చెబితే, కోడలు ఏదో చిల్లర వెతుకుతున్నట్టు డ్రాయరులోకి తల దూర్చి కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి పది రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. భర్త అవసరానికి మించి మాట్లాడటం లేదు. "ఉప్పు." "తాళం." "చుక్కలు వేశావా?" అంతే. హాస్యాలాడే మనిషి మూగబోతే ఆ ఇల్లు ఎంత బరువెక్కుతుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. కోడలు మూడు పూటలా అత్తగారి కళ్ళలో చుక్కలు వేస్తూ, వేసిన ప్రతిసారీ మనసులోనే తనని తాను తిట్టుకుంటూ ఉండేది. రాత్రుళ్ళు నిద్ర పట్టక, విప్పిన వరుసలన్నీ మొదటి నుంచీ గుర్తు చేసుకునేది. ఏ రోజు చెప్పి ఉంటే ఎంత చూపు మిగిలేదో అని లెక్క వేసుకునేది. ఆ లెక్క తేలేది కాదు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్తగారు నిద్రపోలేదు. స్వెట్టరు ఒళ్ళో పరుచుకుని, లోపలి వైపు తిప్పి, వెనక పోగుల్ని బొటనవేలితో నెమ్మదిగా నిమురుతోంది.

"అమ్మాయీ, ఇలా రా. ఇక్కడ చెయ్యి పెట్టు." కోడలి వేలు పట్టుకుని ఒకచోట ఆనించింది. "ఇవి నా పోగులు. వదులుగా ఉంటాయి. ఇప్పుడిక్కడ చూడు. ఇవి నీవి. బిగిసి ఉన్నాయి, భయపడుతూ అల్లినట్టు."

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీకు తెలుసా?"

"కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదుగా. నువ్వు విప్పిన మొదటి రోజు సాయంత్రమే తెలిసింది."

కోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా వేడెక్కింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అత్తగారి ముందు ఆమె గొంతు పెంచింది ఆ రోజే.

"మరి ఆ రోజు అందరూ నన్ను నిలబెట్టి అడుగుతుంటే ఒక్క మాట ఎందుకనలేదండీ? పది రోజులుగా ఆయన నా ముఖం చూడటం లేదు. మీ కళ్ళు నేను పోగొట్టానని చచ్చిపోతున్నాను నేను. మీకు తెలిసి కూడా ఊరుకున్నారా? బుట్టలో ఉండ నేను అందిస్తుంటే ఏమనుకున్నారు? పిచ్చిది, భలే పనికొస్తోందనుకున్నారా?"

"భయమేసింది," అంది అత్తగారు.

ఆ మాట ఆవిడ నోటి నుంచి కోడలు ఎప్పుడూ వినలేదు.

"మా అమ్మకీ ఇలాగే పోయాయి కళ్ళు. పదకొండేళ్ళు కుర్చీలో కూర్చోబెట్టారు. బాగానే చూసుకున్నారు, తిండికీ బట్టకీ లోటు లేదు. కానీ ఒక్కరూ ఒక్క పని చెప్పలేదు. 'నువ్వు కూర్చోమ్మా' అనేవాళ్ళు. నేనూ అన్నాను. ఆవిడ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు కదుపుతూ ఉండేది. ఆ చేతులు గుర్తొచ్చాయి నాకు. నువ్వు సరిచేస్తున్నన్నాళ్ళూ నా చేతుల్లో సూదులుంటాయి కదా అనుకున్నాను. డాక్టరు పేరు పెట్టేదాకా అది జబ్బు కాదనుకున్నాను. తప్పు నాది. నీ మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నానే, అది ఇంకా పెద్ద తప్పు."

ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. కోడలికి కోపం ఇంకా పోలేదు, కానీ దాని కింద తన తప్పు కూడా కనపడింది. ఆవిడ భయపడి దాచింది. తను మెప్పు కోసం దాచింది. ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోకుండా, ఒకే అబద్ధాన్ని నాలుగు నెలలు అల్లుకుంటూ వచ్చారు.

"ఒక్క రోజైనా నాతో చెప్పుంటే, ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం కదత్తయ్యా," అంది, కింద కూర్చుని. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి, పది రోజుల ఏడుపు.

సాయంత్రం కొడుకు రాగానే అత్తగారు బూట్లు విప్పుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, "దాన్ని నువ్వు సాధించింది చాలు. సాధించాలంటే నన్ను సాధించు," అంది. ఆయన భార్య దగ్గరికొచ్చి, "నన్నూ అనాల్సిందేలే. ఒకే ఇంట్లో ఉండి నాకేం కనపడింది?" అన్నాడు. తర్వాత ఫోను కలిపి తల్లి చేతికిచ్చాడు. అవతల కూతురు చివరిదాకా వింది. ఫోనులో కొండ గాలి హోరు వినపడుతోంది.

"వదినకివ్వు," అంది చివరికి.

కోడలు ఫోను తీసుకుంది.

"ఆ రోజన్న మాట... నోటికొచ్చింది అనేశాను వదినా. అన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు."

"నువ్వన్నదాంట్లో నిజముంది."

"సగమే ఉంది." కొంచెం ఆగి, "ఇక్కడ చలి మొదలైంది. రెండో చెయ్యి ఎప్పటికవుతుంది?" అని అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం కోడలు అలవాటు ప్రకారం అత్తగారి ఎదురుగా పీట వేసుకుని సూదులు అందుకుంది. ఇక దొంగచాటు లేదు. రెండు దారాలూ రెండు చేతుల్లోకి తీసుకుంటుంటే అత్తగారు చెయ్యి చాచి ఆమె వేళ్ళు తడిమి చూసింది.

"పువ్వు రంగు కుడి చేతిలో పట్టుకున్నావేమిటి?"

"మీరలాగే పట్టుకుంటారుగా."

"నేను పట్టుకునేది ఎడమ చేతిలో. ఎడమ చేతి దారం వెనక వైపు కింది నుంచి నడుస్తుంది. ఏ రంగు కింది నుంచి నడుస్తుందో అదే పైకి తేలుతుంది. అందుకే నీ పువ్వులు మునిగాయి. తొమ్మిదేళ్ళు ఎదురుగా కూర్చుని చూశావు కదూ, అంతా తిరగేసి నేర్చుకున్నావు." ఆవిడ గొంతు మారింది. "ఒక్కనాడు పిలిచి చెప్పి ఉంటే నీకీ తిప్పలు లేకపోను. లేచిరా. ఎదురుగా కాదు, పక్కన కూర్చో."

కోడలు లేచి మంచం మీద పక్కన కూర్చుంది. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి. అత్తగారు ఆమె ఎడమ చూపుడువేలికి నీలం దారం చుట్టి, కుడి వేలికి బూడిద రంగు చుట్టి, తన చేతులు ఆమె చేతుల మీద ఉంచింది. మొదటి వరుస నత్తనడకన సాగింది. రెండో వరుసకి పోగు బిగువు తగ్గింది. ఒకచోట, "వదులు, వదులు, దాన్నెవరూ ఎత్తుకుపోరు," అని అత్తగారు కసిరింది. కోడలికి ఆ కసురు బాగుంది. ఇకమీదట ఆవిడకి ఏ పని చెప్పాలా అన్న దిగులు కూడా అప్పటికి కొంత తీరింది.

అలా ఐదు రోజులకి మోచెయ్యి దాటింది. ఆరో రోజు నాలుగింటి వేళ, అత్తగారు వెనక పోగులు తడుముతూ తల ఎత్తింది.

"చీకటి పడినట్టుంది. లైటు వెయ్యి అమ్మాయీ."

కోడలి సూదులు ఆగాయి. లైటు మధ్యాహ్నం రెండు గంటల నుంచీ వెలుగుతూనే ఉంది. కరెంటు పోయిందత్తయ్యా అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. ఎంత తేలిక ఆ మాట. ఆవిడ నవ్వేసి, సరేలే అని ఊరుకుంటుంది. కోడలు ఆ మాట మింగి, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లైటు వెలుగుతూనే ఉందత్తయ్యా. బయట ఎండ కూడా ఉంది."

అత్తగారు ఆ చేతి మీద తన రెండో చెయ్యి వేసింది.

"ఎంత ఎండ?"

"ఎదురింటి గోడ మీద సగం దాకా."

ఆవిడ కిటికీ వైపు ముఖం తిప్పి, కళ్ళు చికిలించి, అక్కడ ఉందన్న ఎండ కోసం వెతికింది. తర్వాత కోడలి భుజం మీద తల వాల్చింది.

"నాకు కనపడటం లేదమ్మా," అంది. ఆ ఇంట్లో ఆవిడ 'కనపడటం లేదు' అని నోరు తెరిచి అనడం అదే మొదటిసారి.

కోడలు ఏమీ సర్దిచెప్పలేదు. కన్నీళ్ళు కారుతున్నా ఆవిడ చెయ్యి వదలకుండా అలాగే కూర్చుంది. కాసేపటికి అత్తగారు తనే చీర చెంగుతో ముఖం తుడుచుకుని, చుక్కలు వేసే వేళయిందేమో చూడమంది.